టీవీ రిమోట్ సర్కారు చేతిలో ఉండొద్దన్న మంత్రి.. పర్వతనేని ఉపేంద్ర కథ ఇదీ

* ప్రసార భారతి బిల్లు తెచ్చింది మన విజయవాడ మాజీ ఎంపీనే
* 1990లో పాసైన చట్టం ఏడేళ్లు ఫైల్‌లోనే ఎందుకు ఉండిపోయింది?
* తాళం తీశారు సరే.. తాళంచెవి ఎవరి దగ్గరుంది?

తిరువూరు: బస్టాండ్‌లో బస్సు కోసం నిలబడ్డా, మామిడి తోటలో కాపలా కూర్చున్నా ఇప్పుడు వార్తలన్నీ ఫోన్‌లోనే. వేలితో ఒకసారి పైకి తోస్తే ఒక ఛానల్, ఇంకోసారి తోస్తే ఇంకో ఛానల్. వార్త ఒకటే. చెప్పే తీరు మాత్రం ఛానల్‌కో రకం. వీడియో చూడగానే ముందు ఇది ఏ పార్టీ ఛానల్ అని అడగడం మనకి అలవాటైపోయింది.

ఒకప్పుడు ఈ డౌటే లేదు. ఎందుకంటే ఉన్న ఛానల్ ఒక్కటే. దూరదర్శన్. అది ఎవరిదో అందరికీ తెలుసు. ఢిల్లీలో ఎవరు కుర్చీలో కూర్చుంటే వాళ్లది.

ఆ పద్ధతి మారాలని, రేడియోని, టీవీని ప్రభుత్వం చేతిలోంచి తీసి ఒక స్వతంత్ర సంస్థకి అప్పగించాలని పార్లమెంటులో చట్టం పాస్ చేయించిన కేంద్రమంత్రి ఒకాయన ఉన్నారు. తెలుగాయన. తర్వాత రెండుసార్లు విజయవాడ ఎంపీ కూడా అయ్యారు. పేరు పర్వతనేని ఉపేంద్ర. మన తిరువూరు ఉన్నది విజయవాడ లోక్‌సభ సీటు పరిధిలోనే. అయినా ఆ చట్టానికి, ఆయనకి ఉన్న సంబంధం ఈ తరంలో చాలామందికి తెలియదు.

నిజం చెప్పాలంటే నాకూ తెలియదు. మాస్ కమ్యూనికేషన్ చదివేటప్పుడు ప్రసార భారతి చట్టం, 1990 అని బట్టీ పట్టి రాసేశాం. దాని వెనకున్న మనిషి పోతునూరు నుంచి వచ్చారని తర్వాతెప్పుడో తెలిసింది. ఆ కథ చూస్తే మీడియా స్వేచ్ఛ ఎక్కడ వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో బాగా అర్థమవుతుంది.

పోతునూరు నుంచి రైల్వే ఆఫీసు దాకా

ఉపేంద్ర పుట్టింది 1936 జూలై 14న. ఊరు దెందులూరు దగ్గర పోతునూరు. అప్పట్లో పశ్చిమ గోదావరి జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. చదువు తర్వాత రైల్వేలో ఉద్యోగం. అక్కడ ఆయన చేసింది పౌర సంబంధాల పని. అంటే పేపర్లకి, జనానికి రైల్వే సంగతులు చెప్పే పని.

ప్రభుత్వం తన గురించి తాను ఏం చెప్పుకుంటుంది? ఏది బయటికి వదులుతుంది? ఏది లోపలే పెట్టుకుంటుంది? ఇదంతా లోపలి నుంచి చూడగలిగే ఉద్యోగం అది. తర్వాత సమాచార శాఖ మంత్రి అయినప్పుడు ఆయనకి ఈ వ్యవహారం కొత్త కాదు.

1977లో ఢిల్లీలో జనతా ప్రభుత్వం వచ్చింది. రైల్వే మంత్రి మధు దండవతే. ఆయన దగ్గర పనిచేసే అవకాశం ఉపేంద్రకి దక్కింది. సరిగ్గా అదే టైమ్‌లో, అదే ప్రభుత్వంలో, పక్క శాఖలో రేడియో, టీవీ స్వేచ్ఛ గురించి పెద్ద చర్చ నడుస్తోంది.

ఆ చర్చ ఎందుకొచ్చింది?

దీనికి కొంచెం వెనక్కి వెళ్లాలి. మన దేశంలో గాల్లో తరంగాలు పంపించే హక్కు అంతా ప్రభుత్వానిదే. దానికి అప్పట్లో ఆధారం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం. బ్రిటిష్ వాళ్లు రాసింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా చట్టం మాత్రం చాలా ఏళ్లు అలాగే ఉండిపోయింది.

ఢిల్లీలో టీవీ ప్రసారాలు మొదలైంది 1959 సెప్టెంబర్ 15న. చాలా ఏళ్లు టీవీ ఆకాశవాణిలో ఒక భాగం మాత్రమే. 1976 ఏప్రిల్ 1న విడదీసి దూరదర్శన్ అని వేరు చేశారు. ఆకాశవాణి, దూరదర్శన్ రెండూ సమాచార ప్రసార శాఖ కింద ఆఫీసులు. రైల్వే ఎలాగో, తపాలా ఎలాగో ఇవీ అంతే. వీటిని స్వతంత్ర సంస్థలు చేయాలని చందా కమిటీ 1966లోనే చెప్పింది. ఎవరూ పట్టించుకోలేదు.

1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. పేపర్లకి సెన్సార్ పెట్టారు. రేడియోకి, టీవీకి సెన్సార్ అక్కర్లేదు, అవి ఎలాగూ సొంతవే. అప్పటి సమాచార మంత్రి ఐకే గుజ్రాల్‌ని కొద్దిరోజుల్లోనే ఆ శాఖ నుంచి తప్పించి వీసీ శుక్లాని తెచ్చారు. ఈ గుజ్రాల్ పేరు గుర్తుపెట్టుకోండి. 22 ఏళ్ల తర్వాత ఈ కథలోకి మళ్లీ వస్తారు.

ఎమర్జెన్సీ దెబ్బ తిన్న జనతా నాయకులు అధికారంలోకి రాగానే జర్నలిస్టు బీజీ వర్గీస్ అధ్యక్షతన కమిటీ వేశారు. 1978లో రిపోర్ట్ వచ్చింది. పేరు ఆకాశ్ భారతి. ఒక జాతీయ ట్రస్టు పెట్టి రేడియో, టీవీ దానికి ఇచ్చేయాలన్నది దాని సారాంశం. 1979 మేలో సమాచార మంత్రి ఎల్‌కే అద్వానీ ప్రసార భారతి పేరుతో ఒక బిల్లు పెట్టారు. ఆ బిల్లు వర్గీస్ అడిగినంత స్వేచ్ఛ కూడా ఇవ్వలేదు. అదైనా పాస్ కాకముందే ప్రభుత్వం పడిపోయింది. లోక్‌సభ రద్దయింది. బిల్లూ పోయింది.

ఎన్టీఆర్ వెంట ఢిల్లీకి

1982లో ఎన్టీఆర్ తెలుగుదేశం పెట్టారు. ఉపేంద్ర ఆ పార్టీలో చేరారు. ఇంగ్లిష్, హిందీ వచ్చు, ఢిల్లీ ఆఫీసులు తెలుసు, పార్లమెంటు పద్ధతులు తెలుసు. కొత్త పార్టీకి అలాంటి మనిషి బాగా అవసరం. 1984లో రాజ్యసభకి పంపారు.

ఆ ఏడాది ఆగస్టులో ఏం జరిగిందో మన పెద్దవాళ్లని అడిగితే గంటసేపు చెప్తారు. కేంద్రం పంపిన గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్‌ని ముఖ్యమంత్రి కుర్చీలోంచి దించేశారు. నెల రోజుల పోరాటం తర్వాత సెప్టెంబర్‌లో ఎన్టీఆర్ మళ్లీ గెలిచి కూర్చున్నారు. ఆ నెల రోజులూ రేడియో, టీవీ రెండూ కేంద్రం చేతిలోనే. దించిన వాళ్లదే గవర్నర్, వాళ్లదే మైకు. ఒక రాష్ట్ర పార్టీకి దూరదర్శన్ ఎందుకు పెద్ద సమస్యో ఇక్కడ తెలుస్తుంది.

1984 డిసెంబర్ ఎన్నికల్లో దేశమంతా రాజీవ్ గాంధీ గాలి. అయినా తెలుగుదేశం 30 లోక్‌సభ సీట్లు గెలిచి ప్రతిపక్షంలో పెద్ద పార్టీ అయింది. ఆ పార్టీకి పార్లమెంటులో నాయకుడు ఉపేంద్ర. తర్వాత ప్రతిపక్షాలన్నీ కలిసి నేషనల్ ఫ్రంట్ కట్టినప్పుడు ఢిల్లీలో ఎన్టీఆర్ తరఫున తిరిగిన ముఖ్యుల్లో ఆయన ఒకరు.

ఆ రోజుల్లో ఇంటింటికీ టీవీ వస్తోంది. రామాయణం, మహాభారత్ చూడటానికి టీవీ ఉన్న ఇంటి ముందు ఊరంతా చేరేది. అదే టీవీలో రాత్రి వార్తలు పెడితే ప్రధాని ఎక్కడికెళ్లారు, ఏం ప్రారంభించారు అన్నదే ఎక్కువ. జనం దూరదర్శన్‌కి రాజీవ్ దర్శన్ అని పేరు కూడా పెట్టేశారు. 1989 ఎన్నికల్లో నేషనల్ ఫ్రంట్ ఇచ్చిన మాటల్లో రేడియో, టీవీకి స్వేచ్ఛ ఒకటి.

మంత్రి కుర్చీలో 11 నెలలు

1989 ఎన్నికల ఫలితం విచిత్రంగా వచ్చింది. ఢిల్లీలో వీపీ సింగ్ ప్రధాని అయ్యారు. ఇక్కడ ఎన్టీఆర్ ఓడిపోయారు. తెలుగుదేశానికి లోక్‌సభలో దక్కింది 2 సీట్లే. కానీ ఉపేంద్ర రాజ్యసభ సభ్యుడు కదా, ఆ ఓటమి ఆయన సీటుని తాకలేదు. కేంద్ర కేబినెట్‌లో సమాచార ప్రసార శాఖ, పార్లమెంటరీ వ్యవహారాలు ఆయనకే ఇచ్చారు.

ఇప్పుడు ఒక్కసారి ఆ కుర్చీలో మిమ్మల్ని మీరు ఊహించుకోండి. ఇన్నేళ్లు మీ పార్టీని చూపించని టీవీ ఇప్పుడు మీ చేతిలో ఉంది. ఫోన్ చేస్తే చాలు, వార్త మారిపోతుంది. మీ నాయకుడు రాష్ట్రంలో ఓడిపోయి ఉన్నాడు, ఆయన్ని రోజూ చూపించొచ్చు. అలాంటప్పుడు ఆ టీవీని వదిలేస్తారా?

ఉపేంద్ర వదిలేసే బిల్లు పెట్టారు. అదీ ఎక్కువ రోజులు తీసుకోకుండా. ప్రభుత్వం వచ్చి నెల తిరగకముందే, 1989 డిసెంబర్ 29న ప్రసార భారతి బిల్లు లోక్‌సభ ముందుకొచ్చింది.

అసలు పని ఆ తర్వాత మొదలైంది. వీపీ సింగ్‌ది మైనారిటీ ప్రభుత్వం. ఒకవైపు బీజేపీ, ఇంకోవైపు లెఫ్ట్ బయట నుంచి మోస్తున్నాయి. రాజ్యసభలో ప్రభుత్వానికి మెజారిటీ లేదు. కాంగ్రెస్‌ని కూడా ఒప్పించకపోతే బిల్లు గట్టెక్కదు. పార్లమెంటరీ వ్యవహారాల మంత్రి కూడా ఆయనే కాబట్టి అందరితో మాట్లాడే పని ఆయన మీదే పడింది. సవరణలు వచ్చాయి. వాటికి ఒప్పుకున్నారు. 1990 ఆగస్టు 30న లోక్‌సభ పాస్ చేసింది. సెప్టెంబర్‌లో రాజ్యసభ కూడా ఓకే చెప్పింది. సెప్టెంబర్ 12న రాష్ట్రపతి సంతకం పడింది. 1966 నుంచి కమిటీలు చెప్తూ వచ్చిన పని 1990లో చట్టం అయింది.

చట్టంలో ఏముంది?

సింపుల్‌గా చెప్పుకుందాం. ఆకాశవాణి, దూరదర్శన్ రెండూ శాఖ నుంచి బయటికొచ్చి ప్రసార భారతి అనే కార్పొరేషన్ కిందకి వస్తాయి. దానికో బోర్డు. బోర్డు ఛైర్మన్‌ని మంత్రి సొంతంగా పెట్టుకోవడానికి లేదు. రాజ్యసభ ఛైర్మన్, ప్రెస్ కౌన్సిల్ ఛైర్మన్, రాష్ట్రపతి నామినీ.. ఈ ముగ్గురి కమిటీ పేరు సిఫార్సు చేయాలి. తప్పుడు ప్రవర్తన పేరుతో తీసేయాలన్నా సుప్రీంకోర్టు విచారణ జరగాలి. ప్రసారాల మీద ఫిర్యాదులు వినడానికి ఒక కౌన్సిల్, పైనుంచి చూడటానికి 22 మంది ఎంపీల కమిటీ.

ఇందులో ఒక సెక్షన్ గురించి తప్పకుండా చెప్పాలి. సెక్షన్ 23. దేశ భద్రత, శాంతిభద్రతల్లాంటి కారణాలతో ఫలానాది ప్రసారం చేయండి, ఫలానాది వద్దు అని కేంద్రం ఆదేశం ఇవ్వొచ్చు. అయితే ఆ ఆదేశం కాపీ పార్లమెంటు ముందు పెట్టాలి. ఇది ప్రభుత్వం చెప్పినందుకు వేస్తున్నాం అని సంస్థ కావాలనుకుంటే ప్రేక్షకులకి చెప్పుకోవచ్చు కూడా. అంటే ఒత్తిడి పూర్తిగా పోలేదు, కానీ చీకట్లో ఫోన్ కాల్ బదులు వెలుగులో కాగితం మీదకి రావాలి. ఈ ఏర్పాటు చిన్నదే, కానీ దాని వెనక ఆలోచన పెద్దది.

మరి లోటు ఎక్కడ? మూడు చోట్ల.

ఒకటి, డబ్బు. ప్రతి ఏడాదీ గ్రాంట్ కేంద్రం నుంచే రావాలి. ఒకప్పుడు రేడియోకి, టీవీకి లైసెన్స్ ఉండేది. పోస్టాఫీసుకెళ్లి ఫీజు కట్టేవాళ్లు. 1985లో దాన్ని ఎత్తేశారు. జనం నేరుగా ఇచ్చే డబ్బు పోయింది, సర్కారు చేతి డబ్బు మిగిలింది.

రెండు, మనుషులు. అప్పట్లో పనిచేసే వాళ్లంతా ప్రభుత్వ ఉద్యోగులే.

మూడు, అన్నిటికన్నా పెద్దది. చట్టం ఎప్పటి నుంచి అమల్లోకి రావాలో ఆ తేదీని కేంద్రమే గెజిట్‌లో ప్రకటించాలని చట్టంలోనే రాసి ఉంది. మన చట్టాల్లో ఇలా రాయడం మామూలే. కానీ ఈ చట్టం విషయంలో ఆ ఒక్క లైనే కొంప ముంచింది.

ఏడేళ్ల నిద్ర

రాష్ట్రపతి సంతకం పడ్డాక రెండు నెలలు కూడా గడవలేదు. మండల్ గొడవలు, అద్వానీ రథయాత్ర, బీజేపీ మద్దతు వెనక్కి. 1990 నవంబర్ 7న వీపీ సింగ్ విశ్వాస పరీక్షలో ఓడిపోయారు. ప్రభుత్వం పోయింది. ఉపేంద్ర మంత్రి పదవి పోయింది. నోటిఫికేషన్ మాత్రం రాలేదు.

తర్వాత చంద్రశేఖర్ వచ్చారు, రాలేదు. పీవీ నరసింహారావు ఐదేళ్లు పాలించారు, అప్పుడూ రాలేదు. దేవెగౌడ టైమ్‌లోనూ రాలేదు. చట్టం పుస్తకంలో ఉంది. దూరదర్శన్ మాత్రం ఎప్పట్లాగే శాఖ కింద ఉంది. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు స్వేచ్ఛ కావాలన్న పార్టీలకి, కుర్చీ ఎక్కాక దూరదర్శన్ ముద్దొచ్చింది. ఏ ఒక్క పార్టీనో తిట్టి లాభం లేదు.

ఈలోపు బయట ప్రపంచం ఆగలేదు. 1991 గల్ఫ్ యుద్ధాన్ని సీఎన్ఎన్‌లో లైవ్‌గా చూశారు. డిష్‌లు లేచాయి, వీధుల్లో కేబుల్ వైర్లు పడ్డాయి. 1992లో జీ టీవీ, 1995లో తెలుగులో జెమినీ, ఈటీవీ వచ్చేశాయి. ప్రభుత్వం తలుపు తీయలేదు, ఆకాశం నుంచే టీవీ దిగింది.

1993లో హీరో కప్ క్రికెట్ ప్రసారాల మీద గొడవ సుప్రీంకోర్టుకెళ్లింది. మ్యాచ్ ఎవరు చూపించాలి, గాల్లో తరంగాలు ఎవరి సొత్తు అన్నది ప్రశ్న. 1995 ఫిబ్రవరి 9న తీర్పొచ్చింది. తరంగాలు ప్రజల ఆస్తి, వాటిని ప్రజల మేలు కోసం ఒక స్వతంత్ర సంస్థ నియంత్రించాలి అన్నది దాని సారం. ముగ్గురు జడ్జిల్లో ఒకరు జస్టిస్ బీపీ జీవన్‌రెడ్డి. ఆయనా తెలుగువారే. ప్రభుత్వ గుత్తాధిపత్యం పోయినంత మాత్రాన దాన్ని ప్రైవేట్ వ్యాపారుల చేతిలో పెట్టేయకూడదని కూడా ఆయన హెచ్చరించారు. ఇవాళ ఫోన్‌లో ఛానళ్లు మార్చే మనకి ఆ హెచ్చరిక బాగానే అర్థమవుతుంది.

మళ్లీ గుజ్రాల్.. ఇంకో తెలుగు మంత్రి

1990ల మొదట్లో ఉపేంద్రకి ఎన్టీఆర్‌తో చెడింది. తెలుగుదేశం నుంచి బయటికొచ్చి కాంగ్రెస్‌లో చేరారు. 1996లో ఆ పార్టీ తరఫున విజయవాడ నుంచి లోక్‌సభకి గెలిచారు. 1998లో మళ్లీ గెలిచారు.

ఆ మధ్యలోనే, 1997లో, ఆయన చట్టానికి ప్రాణం వచ్చింది. ప్రధాని ఎవరో తెలుసా? ఐకే గుజ్రాల్. ఎమర్జెన్సీలో సమాచార శాఖ నుంచి తప్పించిన ఆయనే. సమాచార మంత్రి ఎస్ జైపాల్‌రెడ్డి. నోటిఫికేషన్ ఇచ్చారు. 1997 సెప్టెంబర్ 15 నుంచి చట్టం అమల్లోకి వచ్చింది. నవంబర్ 23న ప్రసార భారతి ఏర్పడింది. సీనియర్ జర్నలిస్టు నిఖిల్ చక్రవర్తి మొదటి ఛైర్మన్, ఎస్ఎస్ గిల్ మొదటి సీఈఓ.

బిల్లు తెచ్చింది ఒక తెలుగు మంత్రి, తాళం తీసింది ఇంకో తెలుగు మంత్రి. అప్పుడు ఉపేంద్ర విజయవాడ ఎంపీగా అదే లోక్‌సభలో ఉన్నారు.

ఆనందం ఎక్కువ రోజులు నిలవలేదు. 1998లో ప్రభుత్వం మారింది. ఆర్డినెన్స్ వచ్చింది. వయోపరిమితి కారణంగా గిల్ కుర్చీ దిగాల్సి వచ్చింది. ఛైర్మన్‌ని తీయడం కష్టమని చట్టం చెప్తుంటే, చట్టాన్నే మార్చి పని కానిచ్చుకోవచ్చని మొదటి ఏడాదిలోనే తేలిపోయింది. ఆ తర్వాత ఇంకో సవరణ చేసి, 2007 అక్టోబర్ 5 నాటికి ఉన్న ఉద్యోగులకి ప్రభుత్వ ఉద్యోగుల హోదా కొనసాగించారు. సంస్థ స్వతంత్రం, సిబ్బంది ప్రభుత్వానిది.

యూరప్‌లో మాత్రం అంతా బాగుందా?

ఇలాంటి చర్చ రాగానే బీబీసీని చూసి నేర్చుకోవాలని అంటారు. నిజమే, బీబీసీకి 1927 నుంచి రాజు ఇచ్చిన చార్టర్ ఉంది. ఇళ్ల నుంచి లైసెన్స్ ఫీజు వస్తుంది. ప్రభుత్వ శాఖ కాదు. కానీ ఫీజు ఎంతన్నది ప్రభుత్వమే తేలుస్తుంది. ఆ లెక్క తేలే ప్రతిసారీ అక్కడా ఒత్తిడి గొడవే.

జర్మనీ కథ ఇంకా గట్టిది. హిట్లర్ టైమ్‌లో రేడియో ఏం చేసిందో చూసిన దేశం అది. యుద్ధం తర్వాత ప్రసారాలు కేంద్ర ప్రభుత్వం చేతికి వెళ్లకుండా కట్టుబాట్లు పెట్టుకున్నారు. అయినా చాన్స్‌లర్ అడెనావర్ కేంద్రం ఆధ్వర్యంలో ఒక టీవీ కంపెనీ పెట్టబోయారు. 1961లో రాజ్యాంగ కోర్టు అది చెల్లదని కొట్టేసింది. టీవీ ప్రభుత్వానిదీ కాదు, ఏ ఒక్క వర్గానిదీ కాదు అన్నది ఆ తీర్పు అర్థం. జనం కట్టే ఫీజు ఎంత ఉండాలో లెక్కవేసి చెప్పడానికి కూడా అక్కడ వేరే నిపుణుల కమిషన్ ఉంది.

ఫ్రాన్స్‌లో 1968లో ప్రభుత్వ టీవీ జర్నలిస్టులు స్వేచ్ఛ కోసం సమ్మె చేశారు. తర్వాత చాలామంది ఉద్యోగాలు పోయాయి. గ్రీస్‌లో 2013 జూన్ 11న ప్రభుత్వ టీవీ ఈఆర్‌టీని మూసేస్తున్నట్టు ప్రకటించారు, ఆ రాత్రికే స్క్రీన్ నల్లబడిపోయింది. మళ్లీ తెరవడానికి రెండేళ్లు పట్టింది. పోలండ్‌లో 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారగానే ప్రభుత్వ టీవీ పెద్దలందరినీ తీసేశారు. పాతవాళ్లు టీవీని పార్టీ గొట్టంగా మార్చారని కొత్తవాళ్లు, చట్టం దాటి లాక్కున్నారని పాతవాళ్లు తిట్టుకున్నారు.

ఇవన్నీ చూశాకే యూరోపియన్ యూనియన్ మీడియా స్వేచ్ఛ చట్టం తెచ్చుకుంది. 2025 ఆగస్టు 8 నుంచి అది వర్తిస్తోంది. ప్రభుత్వ టీవీ పెద్దల నియామకం పారదర్శకంగా ఉండాలి, డబ్బు నిలకడగా, ముందే తెలిసేలా రావాలి, ఛానల్ యజమాని ఎవరో జనానికి తెలియాలి అని అందులో ఉంది.

అంటే అక్కడా లెక్క ఇవే మూడు ప్రశ్నల మీద తిరుగుతోంది. ఎవరు నియమిస్తారు? ఎవరు డబ్బిస్తారు? ఎవరు తీసేయగలరు? ఉపేంద్ర చట్టం మొదటిదానికి, మూడోదానికి కొంత జవాబు చెప్పింది. రెండోదాన్ని వదిలేసింది. అక్కడే చిక్కుపడింది.

రాజీ తప్పా? ఒప్పా?

ఉపేంద్ర మీద అప్పుడూ ఇప్పుడూ ఉన్న విమర్శ ఇదే. వర్గీస్ కమిటీ అడిగినంత స్వేచ్ఛ ఇవ్వలేదు, ట్రస్టు బదులు కార్పొరేషన్‌తో సరిపెట్టారు, రాజీలు పడ్డారు అని. అందులో నిజం ఉంది. చేతికొచ్చిన అధికారం మొత్తం ఆయన వదులుకోలేదు, కేంద్రం పట్టుకోవడానికి కొన్ని తాళ్లు మిగిల్చారు.

ఇంకోవైపు కూడా చూడాలి. 11 నెలల ప్రభుత్వం, సొంత పార్టీకి లోక్‌సభలో 2 సీట్లు, రాజ్యసభలో మెజారిటీ లేదు. గట్టి బిల్లే కావాలని పట్టుబడితే 1979లో జరిగిందే మళ్లీ జరిగేది. బిల్లు లోక్‌సభతో పాటే పోయేది. సగం చట్టమైనా పుస్తకంలోకి ఎక్కింది కాబట్టే 1997లో జైపాల్‌రెడ్డికి కొత్తగా బిల్లు పెట్టే పని లేకుండా పోయింది. ఒక నోటిఫికేషన్ సరిపోయింది.

ఒక్క విషయంలో మాత్రం ఆయన పొరపాటు చేశారనిపిస్తుంది. సెప్టెంబర్ 12న సంతకం పడ్డాక నవంబర్ మొదటి వారం దాకా ఆయన మంత్రే. గెజిట్‌లో తేదీ వేసే అధికారం ఆ ప్రభుత్వానిదే. బోర్డు వేయడం, ఆస్తులు, ఉద్యోగుల బదిలీ.. ఇదంతా పెద్ద పనే, ఒప్పుకుందాం. కానీ ఆ ఎనిమిది వారాల్లో పడని తేదీ కోసం దేశం ఏడేళ్లు ఆగింది.

చివరి రోజులు

ఆ తర్వాత ఉపేంద్ర రాజకీయంగా మెల్లగా వెనక్కి వెళ్లారు. అల్లుడు లగడపాటి రాజగోపాల్ 2004, 2009లో అదే విజయవాడ నుంచి ఎంపీ అయ్యారు. ఉపేంద్ర తన జ్ఞాపకాలని పుస్తకంగా రాశారు. 2008లో చిరంజీవి ప్రజారాజ్యం పెట్టినప్పుడు అందులో చేరారు. 2009 నవంబర్ 16న హైదరాబాద్‌లో కన్నుమూశారు. తెలుగుదేశం, కాంగ్రెస్, ప్రజారాజ్యం.. మూడు పార్టీలు మారిన నాయకుడిగా కొందరికి గుర్తు. పార్టీలు మారాయి, నిజమే. ఆయన చేయించిన చట్టం మాత్రం ఇప్పటికీ ఉంది.

మరి మనకేంటి?

2022లో జిల్లాలు విడగొట్టాక తిరువూరు ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. ఉపేంద్రని రాజకీయాల్లోకి తెచ్చిన నాయకుడి పేరే జిల్లా పేరు. విజయవాడలో ఆకాశవాణి 1948 నుంచి ఉంది. ఆంధ్రప్రదేశ్ కోసం దూరదర్శన్ సప్తగిరి 2014లో మొదలైంది. ఇవి రెండూ ప్రసార భారతివే. అంటే చట్టం ప్రకారం అవి ఏ మంత్రివీ కాదు. మనవి.

ప్రైవేట్ ఛానళ్లకీ ఇదే లెక్క వర్తిస్తుంది. లైసెన్స్ ఇచ్చేది కేంద్ర సమాచార శాఖే. భద్రతా కారణాల పేరుతో మలయాళం ఛానల్ మీడియావన్ అనుమతిని రెన్యువల్ చేయకపోతే, ఆ కారణాలేంటో చెప్పకుండా ఛానల్ మూయించడం కుదరదని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. 1990లో సెక్షన్ 23 చెప్పిన మాటకి ఇది దగ్గరగానే ఉంది. ఆపాలనుకుంటే ఆపండి, కానీ ఎందుకో వెలుగులో చెప్పండి.

మేం కూడా ఒక టీవీ ఛానల్ వెబ్‌సైటే. మమ్మల్ని కూడా అవే మూడు ప్రశ్నలు అడగండి. పైన ఎవరిని పెట్టారు? డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? నచ్చని వార్త వేస్తే ఎవరి ఉద్యోగం పోతుంది? ఏ వీడియో కింద ఏ జెండా ఉందో వెతకడం కన్నా ఈ మూడూ అడగడం మేలు.

పోతునూరు నుంచి వచ్చిన ఒక రైల్వే ఉద్యోగి, రిమోట్ తన చేతికి వచ్చిన నెలలోపే దాన్ని ఇచ్చేయడానికి బిల్లు పెట్టారు. సగమే ఇవ్వగలిగారు. మిగతా సగం ఇంకా ఎవరూ ఇవ్వలేదు.